సిక్కా రాయజుల్ వఖ్త్: అమెరికా డాలరు మన రూపాయి అయిన కథ

మన గోదావరి జిల్లాల కుర్రాళ్లలో కొందరికి ఈ మధ్య కొత్త షౌఖ్ ఒకటి పట్టుకుంది. డాలస్‌లోనో షికాగోలోనో ఉన్న మామూకో భాయీకో డబ్బు పంపి పాత అమెరికన్ వెండి డాలర్లు కొనిపిస్తున్నారు. సెలవులకు వచ్చినప్పుడు వాళ్లు పట్టుకొస్తారు. రాజమండ్రిలో, కాకినాడలో, భీమవరంలో ఇలా సిక్కాలు జమ చేసేవాళ్లు నాకు తెలిసినవాళ్లే నలుగురైదుగురు ఉన్నారు. వాళ్ల దగ్గర ఎక్కువగా కనిపించేది మోర్గాన్ డాలరు. ఒక వైపు లిబర్టీ అనే స్త్రీ ముఖం, రెండో వైపు రెక్కలు చాపిన గద్ద. 1878 నుంచి 1904 దాకా వేశారు, మళ్లీ 1921లో వేశారు. ఇంగ్లండ్ నుంచి వెళ్లి అమెరికా టంకశాలలో చేరిన జార్జ్ మోర్గాన్ అనే నక్కాష్ చెక్కిన అచ్చు కాబట్టి ఆ పేరు.

ఇంట్లో బుజుర్గులకి ఇదంతా ఫిజూల్ ఖర్చు. పరాయి ముల్కు సిక్కా మనకెందుకురా బాబూ అంటారు. ఆ సవాల్ నా దాకా కూడా వచ్చింది. నా జవాబు ఏమిటంటే, అది మనం అనుకున్నంత పరాయి సిక్కా కాదు. దాని తోడబుట్టినవి పాతిక కోట్లకు పైగా నూరేళ్ల కిందట కరిగి ఈ దేశానికి వచ్చాయి. ఇక్కడ రూపాయలై మన దాదీల, నానీల సందూఖుల్లో చేరాయి. నిఖాల్లో మెహర్ అయ్యాయి. ఆ తారీఖ్ తెలిసి కొంటే కొనేవాడికీ రుచి, ఇంట్లో సర్ది చెప్పడానికీ ఒక మాట ఉంటుంది.

ముందు తూకం సంగతి చూద్దాం. ఇంగ్లీషువాళ్లు 1833లో తులాన్ని 180 గ్రెయిన్లుగా ఖాయం చేశారు. 1835లో దేశమంతటికీ ఒకటే రూపాయి తెచ్చినప్పుడు దాని బరువూ సరిగ్గా అంతే పెట్టారు. అంటే రూపాయి బిళ్ల ఒక తులం, 11.66 గ్రాములు. పన్నెండు మాషాల తులంలో పదకొండు మాషాలు అసలు చాందీ, ఒక మాషా వేరే లోహం. గ్రెయిన్లలో చెప్పుకుంటే రూపాయిలో వెండి 165. డాలరు బరువు 26.73 గ్రాములు, నూటికి తొంభై పాళ్లు వెండి. గ్రెయిన్లలో ఆ వెండి 371.25. దాన్ని 165తో భాగించి చూడండి. శేషం లేకుండా 2.25 వస్తుంది. ఒక డాలరు కరిగిస్తే రెండు రూపాయల పావలా. ఎవరూ ముందుగా అనుకొని పెట్టిన లెక్క కాదు, ఇత్తెఫాఖ్‌గా కుదిరింది.

రూపాయి తులం కావడం వల్ల మన ఇళ్లలో ఇంకో సౌకర్యం ఉండేది. జకాత్ నిసాబ్ సాడే బావన్ తోలే చాందీ, అంటే 52½ తులాలు. తక్కెడ అక్కర్లేదు. యాభై రెండు రూపాయల ఎనిమిది అణాలు లెక్కపెడితే చాలు. మెహరె ఫాతిమీ 131 తులాల 3 మాషాలు అన్నా అంతే, 131 రూపాయల పావలా. రూపాయి మన పెద్దలకి డబ్బూ అయింది, తూనికరాయీ అయింది.

అమెరికా వెండి మన తీరానికి రావడం మాత్రం 1918లో మొదలైన సంగతి కాదు. అంతకు మూడు వందల ఏళ్ల ముందు నుంచే వస్తోంది. అప్పటికి అమెరికా సంయుక్త రాష్ట్రాలు పుట్టనే లేదు. మెక్సికో గనుల్లో, దక్షిణ అమెరికాలోని పొటోసీ కొండలో తవ్విన వెండిని స్పెయిన్ వాళ్లు పెద్ద పెద్ద నాణేలుగా వేసేవారు. ఆ స్పానిష్ డాలర్లు ఓడల్లో మచిలీపట్నానికీ, అక్కడి నుంచి మన డెల్టా రేవులకీ చేరాయి. పాలకొల్లులో డచ్చివాళ్లు, మాధవాయపాలెంలో, ఇంజరంలో ఇంగ్లీషువాళ్లు, యానాంలో ఫ్రెంచివాళ్లు. అందరికీ కావలసింది గోదావరి నేతబట్ట. బదులుగా వాళ్లు తెచ్చిన సరుకు మనవాళ్లకి అక్కర్లేదు, వెండి ఒక్కటే కావాలి. ఆ వెండి షరాబుల చేతుల మీదుగా టంకశాలకి వెళ్లి రూపాయి అయ్యేది. షరాబు అనే తెలుగు మాట అరబ్బీ సర్రాఫ్ నుంచి వచ్చిందే.

ఈ పాత వ్యాపారానికి కళ్లతో చూడగలిగిన సాక్ష్యం ఒకటి ఉంది. 1807 ప్రాంతంలో మద్రాసు టంకశాల వెండితో అర వరహా వేసింది. వీటిలో కొన్ని స్పానిష్ డాలర్ల మీదే, కరిగించకుండా, కొత్త అచ్చు కొట్టినవి. ఒక వైపు గోపురం, చుట్టూ చుక్కలు, ఇంగ్లీషు అక్షరాలతో పాటు ఫారసీలో ‘నీమ్ హూన్ ఫూలీ’ అని ఉంటుంది. రెండో వైపు విష్ణుమూర్తి బొమ్మ చుట్టూ తెలుగులో, తమిళంలో అదే మాట. బాగా కొట్టని బిళ్లల మీద కింద ఉన్న స్పెయిన్ రాజు ముఖమో అక్షరమో ఇంకా కాస్త తొంగిచూస్తుంటుంది. ఉర్దూ మీడియంలో చదివి తర్వాత తెలుగులో డిగ్రీ చేసిన నాలాంటివాడికి ఆ సిక్కా మీద మనసు పోకుండా ఎలా ఉంటుంది? ఒక వైపు నా స్కూలు, ఇంకో వైపు నా కాలేజీ. కొనే స్తోమత వేరే సంగతి.

సంయుక్త రాష్ట్రాల సొంత డాలరుకి నమూనా కూడా ఆ స్పానిష్ డాలరే. 1857 దాకా అక్కడ స్పానిష్ బిళ్లలు చట్టబద్ధంగా చెల్లాయి. పడమటి కొండల్లో, ముఖ్యంగా నెవాడాలో, వెండి గనులు పడ్డాక కథ మారింది. గనుల యజమానులకి రాజకీయ బలం ఎక్కువ. 1878 చట్టంతో ప్రభుత్వం ప్రతి నెలా వెండి కొని డాలర్లు వేయక తప్పలేదు. జనం ఆ బరువు బిళ్లలు మోయలేక నోట్లే వాడుకున్నారు. డాలర్లేమో సంచుల్లో కట్టి ఖజానాల్లో పేర్చారు. కోట్లకొద్దీ బిళ్లలు టంకశాల నుంచి బయటికి వచ్చి ఒక్క చెయ్యి కూడా మారకుండా చీకట్లో పడి ఉన్నాయి.

ఇక మొదటి ప్రపంచ యుద్ధం. బ్రిటన్‌కి ఇండియా నుంచి గోనె సంచులు కావాలి, గోధుమ కావాలి, బియ్యం, తోళ్లు కావాలి. మెసపొటేమియాలో పోరాడే సిపాయిలకి జీతాలు ఇవ్వాలి. వాటన్నిటికీ ఇక్కడ చెల్లింపు రూపాయల్లో. లండన్ నుంచి సరుకు రావడం తగ్గిపోయింది కాబట్టి వెళ్లిన సరుకుకీ వచ్చిన సరుకుకీ చెల్లు కాదు, రూపాయలు వేస్తూ పోవాల్సిందే. రూపాయి వేయాలంటే వెండి కావాలి. అదే సమయంలో మెక్సికోలో ఇంఖిలాబ్ నడుస్తోంది, గనులు సరిగా పని చేయడం లేదు. 1915లో ఔన్సు 27 పెన్నీల దగ్గర ఉన్న వెండి 1917 సెప్టెంబరుకి 55కి ఎక్కింది. 43 దాటితే చాలు, రూపాయి మీద రాసిన విలువ కన్నా దాని ఒంట్లో ఉన్న వెండి ఖరీదే ఎక్కువ. ఎవరు కరిగించకుండా ఊరుకుంటారు? అందుకే 1917 జూన్‌లో నాణేలు కరిగించడాన్ని సర్కారు నేరం చేసింది. నవంబరు 30న మొట్టమొదటి ఒక రూపాయి నోటు తెచ్చింది. దాని మీద జార్జి రాజు వెండి రూపాయి బొమ్మే అచ్చు వేసి, విలువని తెలుగుతో సహా ఎనిమిది భాషల్లో రాయించింది. కాగితాన్ని చూపి వెండి అనుకోమన్నట్టు.

జనం అనుకోలేదు. ఆ నోటు పట్టుకెళితే సర్కారు అడిగిన వెంటనే వెండి రూపాయి ఇవ్వాలి, అది ఖానూన్. 1918 మార్చిలో జర్మన్లు పడమటి రంగంలో విరుచుకుపడ్డారన్న ఖబర్ రాగానే బొంబాయి లాంటి చోట్ల నోట్లు మార్చుకోవడానికి జనం ఎగబడ్డారు. ఏప్రిల్ మొదట్లో సర్కారు దగ్గర ఉన్న వెండి రూపాయలు పదిన్నర కోట్లు. జూన్ నాటికి నాలుగు కోట్ల దగ్గరికి దిగిపోయాయి. మొత్తం ఇండియాకి, బర్మాతో కలిపి, నాలుగు కోట్లు. ఇంకొన్ని రోజులు అలాగే నడిస్తే నోటుకి రూపాయి ఇవ్వలేమని చెప్పాల్సి వచ్చేది. యుద్ధం మధ్యలో ఆ మాట బయటికొస్తే ఏమవుతుందో ఢిల్లీకీ లండన్‌కీ బాగా తెలుసు.

అప్పుడు అమెరికా ఖజానాల్లో నిద్రపోతున్న డాలర్లు గుర్తుకొచ్చాయి. వాషింగ్టన్‌లో బ్రిటిష్ రాయబారి లార్డ్ రీడింగ్. తర్వాత మన దేశానికి వైస్రాయిగా వచ్చినాయనే. బేరం త్వరగా కుదిరింది. నెవాడా సెనేటర్ కీ పిట్‌మన్ పేరు మీద 1918 ఏప్రిల్ 23న చట్టం అయింది. 35 కోట్ల డాలర్ల దాకా కరిగించవచ్చు, ఔన్సుకి డాలరు ధర. దాని పొడవాటి పేరు చదివితే బంగారం నిల్వలు కాపాడుకోవడం, వ్యాపార బకాయిలు వెండిలో తీర్చుకోవడం అని ఏవేవో ఉంటాయి. ఇండియా మాట ఆ పేరులో లేదు.

లెక్క చూడండి. కరిగించినవి 27,02,32,722 డాలర్లు. అందులో 25,91,21,554 డాలర్ల వెండి ఇండియా కోసం బ్రిటన్‌కి అమ్మారు. మిగతాది అక్కడి చిల్లర నాణేలకి వాడుకున్నారు. అప్పటిదాకా వేసిన మోర్గాన్ డాలర్లలో దాదాపు సగం ఈ ఒక్క దెబ్బతో పోయాయి. మన వాటాకి వచ్చిన వెండి సుమారు 20 కోట్ల ఔన్సులు, మన రెండు రూపాయల పావలా లెక్కన 58 కోట్ల రూపాయలకి పైగా. కడ్డీలుగా పోసి ఓడలెక్కించారు. బొంబాయి, కలకత్తా టంకశాలలు ఆ వెండిని మింగి రూపాయలు కక్కాయి.

అందుకే 1918, 1919, 1920 తారీఖులున్న జార్జి రూపాయలు అంత విరివిగా దొరుకుతాయి. వాటిలో ఏది అమెరికా వెండి, ఏది కాదు అని ఏ పరీక్షా చెప్పలేదు. కరిగినదానికి ఆనవాలు ఉండదు. కానీ ఆ మూడేళ్ల బిళ్ల చేతిలోకి తీసుకుంటే లిబర్టీ ముఖం మోసిన వెండి అందులో ఉండే అవకాశం బాగానే ఉంది. వెనక వైపు సంవత్సరం కింద చిన్న అక్షరాల్లో ఉర్దూ లిపిలో ‘యక్ రూపియా’ అని ఉంటుంది, పిల్లలకి చూపించండి. అట్టడుగున తామరపువ్వు కింద చుక్క ఉంటే బొంబాయి, లేకపోతే కలకత్తా. ముందు వైపు రాజుగారి వస్త్రం మీద ఏనుగు ఉంటుంది. దానికీ ఒక ఖిస్సా ఉంది. 1911లో వేసిన మొదటి రూపాయి మీద ఆ ఏనుగు తొండం పొట్టిగా పడి పందిలా కనిపించింది. ముసల్మానులు గొడవ చేశారు. సర్కారు చాలా భాగం వెనక్కి తీసుకొని కరిగించింది, 1912లో ఏనుగుని సరిచేసి కొత్త అచ్చు వేసింది. ఆ పంది రూపాయి కోసం ఈరోజు కలెక్టర్లు బోలెడు పోస్తారు. మన తాతలు వద్దని నెట్టేసిన సిక్కా అది.

ఇవి మన డెల్టా దాకా ఎలా వచ్చాయన్నది పెద్ద చిక్కు ప్రశ్న కాదు. అప్పటికి పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడలేదు, ఏర్పడింది 1925లో. గోదావరి జిల్లా కచ్చేరీ కాకినాడలో ఉండేది. బ్యాంక్ ఆఫ్ మద్రాస్ శాఖ కూడా అక్కడే. ధవళేశ్వరం ఆనకట్ట కింద పండిన ధాన్యం రేవు నుంచి వెళ్లేది, రూపాయి వచ్చేది. ఇంకో దారి రంగం నుంచి. కాకినాడలో స్టీమరెక్కి రంగూన్ మిల్లుల్లో, రేవుల్లో కూలికి వెళ్లినవాళ్లను అక్కడ కోరంగీలు అనేవారు, మన కోరింగ రేవు పేరు మీద. బర్మా అప్పుడు ఇండియాలో భాగం, సిక్కా ఒకటే. ఏడాదో రెండేళ్లో కష్టపడి మిగుల్చుకున్నది నడుముకి కట్టుకొని తిరిగొచ్చేవారు. ప్రయాణం పోయేవాడి దండకి ఇమామ్ జామిన్ కట్టే ఇళ్లలో ఆ గుడ్డలో మూటకట్టేదీ ఒక సిక్కానే.

పక్కనే నిజాం ఇలాఖా. అక్కడ హాలీ సిక్కా వేరు, మన వైపు రూపాయిని వాళ్లు కల్దార్ అనేవారు, కల్‌తో అంటే యంత్రంతో కొట్టింది కాబట్టి. వెండి కరువు వాళ్లనీ వదల్లేదు. హైదరాబాద్ సొంత నోట్లు వేసుకోవడం మొదలుపెట్టిందీ ఆ 1918లోనే.

నోటు మీద జనానికి ఎతెబార్ లేకపోవడాన్ని అప్పటి దొరలు మూఢత్వం కింద కట్టేశారు. నాకు ఆ మాట నచ్చదు. ఇదే ప్రశ్న మన ఉలమా కూడా గంభీరంగా చర్చించారు. నోటు అంటే ఏమిటి? అది మాలా, లేక మాల్ ఇస్తామని రాసిచ్చిన సనదా? సనద్ అయితే, నోటు ఫకీరు చేతిలో పెట్టగానే జకాత్ తీరినట్టా, అతను దాన్ని మార్చుకున్నాకనా? నోటుతో వెండి కొంటే చేతికి చేయి ఇచ్చిపుచ్చుకున్నట్టేనా? దేవ్‌బంద్ వైపు పెద్దలు దాన్ని సనద్‌గా చూశారు. అహ్మద్ రజా ఖాన్ బరేల్వీ 1906లో మక్కాలో ఉండగా ఇదే మసలా మీద ‘కిఫ్లుల్ ఫఖీహిల్ ఫాహిమ్’ రాసి నోటు స్వయంగా మాలే అన్నారు. యుద్ధానికి ఎనిమిదేళ్ల ముందే ఇంత బహస్ నడిచిందంటే, కాగితం చేతిలో పట్టుకొని సందేహించిన రైతుని అమాయకుడు అని ఎలా అంటాం? తెలుగులో నగదు అంటాం, అది అరబ్బీ నఖ్ద్. అప్పటికప్పుడు చేతిలో పడేది నఖ్ద్. రేపు ఇస్తామన్నది నఖ్ద్ ఎలా అవుతుంది అన్నదే వాళ్ల ప్రశ్న.

వాళ్ల భయం నిజం కావడానికి పాతికేళ్లు కూడా పట్టలేదు. రెండో యుద్ధంలో మళ్లీ అదే కరువు. 1940లో రూపాయిలో వెండిని సగానికి తగ్గించారు. పాత విక్టోరియా, ఎడ్వర్డ్, జార్జి రూపాయల్ని 1941 నుంచి 1943 మధ్య ఒకటొకటిగా చలామణీ నుంచి తీసేశారు. మళ్లీ అమెరికా దగ్గరికే వెళ్లారు. ఈసారి అప్పుగా, 22 కోట్ల ఔన్సులకు పైగా. స్వాతంత్ర్యం వచ్చాక ఇండియా, పాకిస్తాన్ కలిసి 1957లో ఆ వెండిని వెండిగానే తిరిగిచ్చేశాయి. రూపాయి మాత్రం 1947 నుంచే నికెల్ అయిపోయింది. పేరు అదే, ‘యక్ రూపియా’. చాందీ లేదు.

ఇక్కడే మన ఇళ్లకి తగిలిన దెబ్బ ఉంది, దాని గురించి మనం ఎక్కువ మాట్లాడుకోం. నిఖా చదివేటప్పుడు ఖాజీ సాబ్ నోట వినే మాట ఒకటుంది: మెహర్ ఇన్ని రూపాయలు, ‘సిక్కా రాయజుల్ వఖ్త్’. అంటే ఆ వేళకి చలామణీలో ఉన్న సిక్కా. 1919లో ఒక దుల్హన్‌కి ఐదు వందల రూపాయల మెహర్ రాశారనుకుందాం. అప్పటి సిక్కా లెక్కన అది ఐదు వందల తులాల బిళ్లలు, అసలు చాందీయే ఐదు కిలోల మూడు వందల గ్రాములు దాటుతుంది. మన వైపు మెహర్ చాలా వరకు వెంటనే ఇవ్వరు, ముఅజ్జల్ అని తర్వాతికి వదిలేస్తారు. ఆ దుల్హన్ 1950లో బేవా అయి, వారసులు నిజాయితీగా మెహర్ చెల్లించారనే అనుకుందాం. చేతిలో పెట్టేది ఐదు వందల కాగితం. కాబీన్ మీద అంకె చెక్కు చెదరలేదు, ఎవరూ మోసం చేయలేదు, వెండి మాత్రం మాయమైపోయింది.

ఫిఖ్‌హ్‌లో దీని గురించి ఆలోచన లేకపోలేదు. రాగి ఫులూస్ విలువ పడిపోతే, బాకీ పడిన రోజు నాటి విలువ చెల్లించాలని ఇమామ్ అబూ యూసుఫ్ అన్నారు. పందొమ్మిదో శతాబ్దంలో డమాస్కస్ ఆలిమ్ ఇబ్నె ఆబిదీన్ సిక్కాల హెచ్చుతగ్గుల మీదే ఒక రిసాలా రాశారు. కితాబుల్లో ఉన్నది మన పంచాయితీల్లోకి రాలేదు, అంతే. ఇప్పటికీ ఐదు వేల పదివేల మెహర్‌లు రాసి, పదిహేనేళ్ల తర్వాత తలాఖ్ వేళ అదే అంకె తీసి చూపించే ఇళ్లు మనకి తెలుసు. మెహరె ఫాతిమీ అని తూకంలో రాసుకున్నవాళ్లకి ఈ నష్టం లేదు. 131 తులాల 3 మాషాలు 1919లో ఎంతో ఈరోజూ అంతే.

ఆ దుల్హన్లు చేతికి అందిన వెండిని ఎందుకు గట్టిగా పట్టుకున్నారో ఇప్పుడు అర్థమవుతుంది. రూపాయలకి కొక్కేలు అతికించి మెడలో వేసుకున్నారు. కొన్నిటిని పాందాన్‌గా, సుర్మాదానీగా మార్చారు. మిగిలినవి సందూఖ్ అడుగున గుడ్డలో కట్టి పెట్టారు. ఇప్పుడు ఆ గుడ్డమూట తీసుకెళ్లి షరాబుకి తూకానికి అమ్మేస్తున్నాం. ఆయన వాటిని కరిగించి పట్టీలు చేస్తాడు. వచ్చిన డబ్బుతో అబ్బాయి అమెరికా నుంచి మోర్గాన్ డాలరు తెప్పించుకుంటాడు. నేను అతిశయంగా చెప్పడం లేదు, మా వైపు ఒక ఇంట్లో సరిగ్గా ఇదే జరిగింది. దాదీ రూపాయలు నలభై పోయాయి, కుర్రాడి ఆల్బమ్‌లోకి తొమ్మిది డాలర్లు వచ్చాయి. వెండి తూకం చూస్తే పోయినదానిలో దాదాపు సగమే వచ్చింది.

కొనొద్దని నేను అనను. కొనేవాళ్లకి తెలిసి ఉండాల్సినవి కొన్ని చెబుతాను. పిట్‌మన్ చట్టం ప్రకారం, కరిగించినన్ని డాలర్లు అమెరికా మళ్లీ వేయాలి. 1921 మోర్గాన్ డాలర్లు అలా వచ్చినవే, మూడు టంకశాలల్లో కలిపి 8 కోట్ల 67 లక్షలు. ఆ ఏడాది చివర మొదలై 1928 దాకా వేసిన పీస్ డాలర్లూ అందుకే. కాబట్టి అన్నిటికన్నా చవకగా దొరికే 1921 బిళ్ల ఇండియాకి వెళ్లినదాని బదులు పుట్టింది. మన కథ మొత్తం దానిలోనే ఉంది, మొదటి డాలరుగా దాన్నే కొనండి. పాత సంవత్సరాల సంగతి వేరు. ఏ తారీఖువి ఎన్ని కరిగించారో అప్పుడు ఎవరూ రాసిపెట్టలేదు. అందువల్ల కోట్లలో వేసిన ఏడాదివి ఇప్పుడు తక్కువగా దొరకవచ్చు, తక్కువ వేసినవి సంచులకొద్దీ బయటపడవచ్చు. 1895 ఫిలడెల్ఫియా లెక్కల్లో 12,000 మామూలు డాలర్లు వేసినట్టుంది, ఒక్కటీ కనబడదు. ప్రత్యేకంగా మెరుగుపెట్టి వేసిన 880 ప్రూఫ్ బిళ్లలే ఆ ఏడాదికి గతి. కరిగిపోయాయని కొందరు, అసలు వేయనే లేదని కొందరు.

నకిలీల బెడద చాలా ఉంది, ముఖ్యంగా చైనాలో తయారైనవి. అసల్, నకల్ తేల్చడానికి మొదటి పని తూకం. 26.73 గ్రాములు, వాడుక అరుగుదలకి కాస్త తగ్గవచ్చు. అడ్డంగా 38.1 మిల్లీమీటర్లు. అయస్కాంతానికి అంటుకుంటే పారేయండి. ఖరీదైన తారీఖు అయితే పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి సంస్థలు డబ్బీలో సీలు వేసి నంబరు ఇచ్చినదే తీసుకోండి. డబ్బీలకీ నకిలీలు వస్తున్నాయి, ఆ నంబరుని వాళ్ల సైటులో పెట్టి ఫోటోతో సరిచూసుకోవాలి. ఇంకో మాట, ఇంటికి రాగానే అమ్మీ దాన్ని చింతపండు పెట్టి తోమకుండా చూసుకోండి. మన దగ్గర మెరుపు అంటే శుభ్రం. కలెక్టర్ల లోకంలో తోమిన బిళ్లకి సగం విలువ పోయినట్టే. పోస్టులో తెప్పిస్తే కస్టమ్స్ సుంకం పడుతుంది. వెండి దిగుమతి నిబంధనలు తరచూ మారుతుంటాయి, డబ్బు కట్టేముందు ఆ రోజు నియమం కనుక్కోవాలి.

రెండో వైపు నుంచి రూల్ ఇంకా గట్టిది. నూరేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. సొంతంగా దేశం దాటించడానికి లేదు. 1918, 19, 20 రూపాయలు అన్నీ ఇప్పుడు ఆ లెక్కలోకి వచ్చేశాయి. డాలసులో ఉన్న మామూ మీకు డాలరు తేవచ్చు, బదులుగా మీరు ఆయనకి దాదీ రూపాయి ఇచ్చి పంపలేరు. ఆ డాలరు వెండి ఒకసారి రూపాయి అయ్యాక ఇక ఇక్కడిదే.

మిగిలింది జకాత్ హిసాబ్. షౌఖ్ కోసం ఆల్బమ్‌లో పెట్టుకున్నా చాందీ చాందీయే. హనఫీ ఫిఖ్‌హ్‌లో వెండి పాలు ఎక్కువగా ఉన్న సిక్కాని మొత్తం వెండిగానే లెక్కిస్తారు కాబట్టి, 612 గ్రాముల నిసాబ్‌కి 22 మోర్గాన్ డాలర్లు చాలవు, 23 దాటిస్తాయి. ఇంట్లో నగదు, బంగారం ఉంటే అవీ కలుస్తాయి, అంతకన్నా ముందే నిండుతుంది. మసలాలో సందేహం ఉంటే మీ మసీదు ఇమామ్ సాబ్‌ని అడగండి. ఆల్బమ్‌లో సిక్కా పక్కన కొన్న ధర రాసుకునే అలవాటు మన కుర్రాళ్లకి ఉంది. నిసాబ్ నిండిన రోజు చాంద్ తారీఖు కూడా ఆ పక్కనే రాసి పెట్టుకుంటే ఏడాది తిరిగేసరికి వెతుక్కోనక్కర్లేదు.